దొర ముఖం, ఖాసిం చేతులు

ముందే చెబుతున్నాను, దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. మాది క్రైస్తవ కుటుంబం. ఆత్మ అన్న మాట ఆదివారం ఆరాధనలో తప్ప ఇంకెక్కడా వాడను. పక్కింటివాళ్లు పిల్లలకు దిష్టి తీస్తుంటే తలుపేసుకునే రకం నేను. చిన్నప్పుడు రోడ్డు మీద పడేసిన నిమ్మకాయలు కావాలని తొక్కి, నాకేం కాలేదని వాడకట్టంతా చెప్పుకుని, మా అమ్మ చేత తన్నులు కూడా తిన్నాను. కాబట్టి ఇది చదివి ఎవరూ నన్ను భయస్తురాలి కింద జమ కట్టొద్దు. ఆ రోజు నాకు భయం వేయలేదు, ఇప్పుడూ లేదు. అర్థం కాలేదు, అంతే.

2012 ఎండాకాలం సంగతి ఇది. అప్పుడు మేం మేడ్చల్‌లో అద్దెకుండేవాళ్లం. నేను కండ్లకోయ దగ్గర ఒక ప్రైవేటు బడిలో డ్రాయింగ్ టీచర్ని. సెలవుల్లో బడివాళ్లు జీతం ఇచ్చేవారు కాదు, అందుకని ఫోటోలు చూసి బొమ్మలు వేసి ఇచ్చేదాన్ని. ఎక్కువగా చనిపోయినవాళ్ల బొమ్మలే. అమ్మమ్మకు కొంచెం నవ్వు పెట్టండి, తాతకు కొంచెం జుట్టు పెట్టండి అని అడిగేవాళ్లు. పెట్టేదాన్ని.

అట్లా మా చర్చిలో ఒకామె ద్వారా నాకో పని వచ్చింది. శామీర్‌పేట దాటి లాల్‌గడి మలక్‌పేట్ వైపు పోతుంటే లోపలికి ఒక ఊరుంది. ఊరి పేరు రాయను, ఆ కుటుంబం ఇంకా అక్కడే ఉంది. ఆ ఊరి దొర గడి, కోటలాంటి పాత భవంతి, ఏళ్ల తరబడి తాళం వేసి ఉండేది. దొర మనవడు దాన్ని బాగుచేయించి పెళ్లిళ్ల ఫంక్షన్ హాలుగా మారుస్తున్నాడు. నలభై అయిదేళ్ల మనిషి, భూముల వ్యాపారం చేస్తాడు. ఊళ్లో అందరూ చిన్నదొర అనే పిలుస్తారు, నేను మాత్రం సార్ అనేదాన్ని. గడి పెద్ద హాల్లో వాళ్ల తాత బొమ్మ ఉంది, దాన్ని శుభ్రం చేసి పెళ్లివాళ్లు చూసి అబ్బా అనుకునేలా చేయాలి. పని అదీ.

మేడ్చల్ నుంచి సెవన్ సీటర్ ఆటోలో పోయి దిగి, అక్కడి నుంచి ఎండలో నడిచి, మొదటిసారి ఆ బొమ్మ ముందు నిలబడ్డాను. చెప్పొద్దూ, ఒళ్లు ఝల్లుమంది. దయ్యానికి కాదు, పనితనానికి. మనిషంత మనిషి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అరవై ఏళ్ల పొగ, దుమ్ము పట్టి ఉన్నా ఇప్పుడే లేచి నడిచేలా ఉన్నాడు.

రాజులనూ దొరలనూ బొమ్మ వేయడానికి ఒక పద్ధతి ఉంటుంది. ముఖం చూసేముందు సామాను చదవండి అని కాలేజీలో మా సార్ చెప్పేవారు. వెనక మఖమల్ తెర జారి ఉంటుంది, అది కలిమి. పక్కన బల్ల మీద పుస్తకం, చదువుకున్నవాడని చెప్పడానికి. ఒళ్లో కత్తి, కోపం వస్తే ఊరుకోడని చెప్పడానికి. కుర్చీని కొంచెం ఎత్తున వేసినట్టు వేస్తారు, మనం కింద నిలబడి తలెత్తి చూస్తున్నట్టు అనిపించాలి. హోదా సంగతంతా ఆ సామానే చూసుకుంటుంది. మనిషి ఎలాంటివాడో తెలియాలంటే ముఖం, చేతులు చూడాలి. ముఖానికి చిత్రకారుడు ఎట్లాగూ మెరుగులు దిద్దుతాడు, డబ్బిచ్చేవాడు చూసేది దాన్నే కదా. చేతుల దగ్గర ఎవరూ అంత పట్టించుకోరు.

ఆ బొమ్మలో సామానంతా పద్ధతిగానే ఉంది. దొర ముఖం కూడా దొర ముఖమే, కోరమీసం, మనల్ని దాటి ఎక్కడో చూస్తున్న కళ్లు. చేతులు మాత్రం తేడాగా ఉన్నాయి. ఎడమ చెయ్యి కుర్చీ చేతి మీద, కుడి చెయ్యి మోకాలి మీద. వేళ్ల కణుపులు లావుగా ఉబ్బి ఉన్నాయి. కుడి బొటనవేలి గోరు నిలువునా చీలి ఉంది. చిటికెన వేలు ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది. అంత జరీ షేర్వానీలోంచి ఆ చేతులు బయటికి రావడం వింతగా ఉంది.

చిన్నదొరకు కూడా అవే కంట్లో పడ్డాయి. "చేతులు జూడుండ్రి మేడం. మా తాతవా ఇవి? కూలోని చేతుల లెక్కున్నయి. పెండ్లికొచ్చినోళ్లు ఏమనుకుంటరు? జెర సాఫ్ జేసి, రెండు ఉంగరాలు పెట్టుండ్రి," అన్నాడు. 

అరపూట పని అనుకుని సరేనన్నాను.

బొమ్మను గోడ మీంచి దింపించి, చెక్కల మీద నిలబెట్టి, దూదితో అంగుళం అంగుళం తుడవడం మొదలుపెట్టాను. పనివాళ్లు బయట వరండా మరమ్మతుల్లో ఉండేవారు, హాల్లో నేనొక్కదాన్నే. తలుపుల పైన రంగు అద్దాలుండేవి. మధ్యాహ్నం ఎండ వాటిలోంచి దిగి నేల మీద ఎర్రగా పచ్చగా పడి, నెమ్మదిగా జరుగుతూ ఉండేది. పైన దూలాల మీద పావురాలు. కరెంటు పోయిందంటే మళ్లీ సాయంత్రానికే, ఫ్యాను ఆగిన తర్వాత ఆ నిశ్శబ్దంలో పని చేస్తుంటే ఏ పూటో, ఏ కాలమో తెలిసేది కాదు. బొమ్మ ముందు ఒక్కదాన్నే కూర్చుని ఉంటే నాకు మంచి నిద్ర నుంచి అప్పుడే లేచినట్టుండేది.

అట్లాంటి ఒక మధ్యాహ్నం గడి వాచ్‌మన్ యాదయ్య ఒక ముసలామెను వెంటబెట్టుకొచ్చాడు. యాదయ్యకే డెబ్బై దాటి ఉంటాయి, చిన్నప్పుడు ఆ గడిలోనే పశువులు కాసినవాడు. ఆమెకు ఎనభై ఉంటాయి. తల మీద తెల్ల కొంగు, చేతిలో తస్బీ జపమాల, నడుము పూర్తిగా వంగిపోయింది. నన్ను పట్టించుకోకుండా నేరుగా బొమ్మ ముందుకు పోయింది. యాదయ్య భుజం మీది తువ్వాలు తీసి, తన కర్రతో పైకెత్తి, దొర ముఖం కప్పేలా చట్రం మీద వేశాడు. ఆమె కింద కూర్చుని, ఆ తల లేని బొమ్మ వైపు చూస్తూ ఉండిపోయింది.

నాకు చిర్రెత్తింది. "ఏంది తాతా గిది? నేను గింత కష్టపడి తుడుస్తాంటే మాసిన తువ్వాల తెచ్చి దాని మీదేస్తవా?" అన్నాను.

"ఒక్క గడియ ఓర్సుకో మేడం. దొర మొఖంతోని ఆమెకు పనిలేదు. కిందున్నది ఆమె ఇంటాయన," అన్నాడు యాదయ్య.

విషయం ఆయనే చెప్పాడు. అప్పట్లో పట్నం నుంచి ఒక చిత్రకారుడు వచ్చి గడిలో దిగాడట. దొరకు కుదురుగా కూర్చునే ఓపిక లేదు. ముఖం వరకు వేయించుకుని షికారుకు పోయాడు. మిగతా ఒళ్లు వేయడానికి అదే ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి కావాలని చిత్రకారుడు అడిగితే, గడి బావి దగ్గర ఎడ్లతో నీళ్లు తోడుతూ మోట కొట్టే ఖాసింను పిలిచారు. దొర షేర్వానీ తొడిగి దొర కుర్చీలో కూర్చోబెట్టారు. దొర ముందు నిలబడటానికే భయపడే మనిషి, బొమ్మ పూర్తయ్యేదాకా పొద్దస్తమానం అదే కుర్చీలో కూర్చున్నాడు. ఆ ఖాసిం భార్యే ఈ బీబమ్మ.

ఇట్లా చేయడం మా పనిలో కొత్తేం కాదు. పెద్దవాళ్లు ముఖానికి మాత్రమే కూర్చుంటారు, బట్టలకూ నగలకూ ఇంకెవరినో కూర్చోబెడతారు. తర్వాత చిత్రకారుడు చేతులను, మెడను ఆ పెద్దమనిషికి తగ్గట్టు సవరించుకోవాలి. ఈయన ఆ సవరించడం మరిచాడు. ఎదురుగా ఏం కనిపిస్తే అది వేసుకుంటూ పోయాడు. దొర వచ్చి తన ముఖం చూసుకుని మురిసిపోయి ఉంటాడు, చేతులు ఎవరివో ఆయనకు పట్టలేదు.

బీబమ్మ ఆ రోజు అట్లాగే చూసి లేచి పోయింది. ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం జొహర్ నమాజ్ అయ్యాక వచ్చేది. తువ్వాలు కప్పించి, కూర్చుని, చూసి పోయేది. పోయేముందు లేచి మోకాలి మీది ఆ కుడి చేతి మీద తన చెయ్యి పెట్టేది. అసలు మనిషి కొలతకే వేసిన బొమ్మ కాబట్టి ఆమె చెయ్యి ఆ చేతిలో సగమే ఉండేది. నేను వద్దనలేకపోయాను.

మెల్లగా మాటలు కలిశాయి. ఆమె తెలుగులో ఉర్దూ కలిపి మాట్లాడేది. "ఆ దినాలల్ల ఇంటికొచ్చి నవ్వుతుండె బిడ్డా. పొద్దంత కూసున్న, నడుము నొస్తాంది అంటుండె. మోట గొట్టినన్ని ఏండ్లు ఎన్నడు నడుము నొస్తాందని అనలే," అని తనూ నవ్వింది. ఆ మరుసటి ఏడే ఆయన జ్వరంతో పోయాడట. అప్పటికి ఆయనకు ముప్పై కూడా నిండలేదు.

ఫోటో ఏమైనా ఉందా అని అడిగాను. లేదు. వాళ్లింట్లో నమాజ్ చదివే చోట మనుషుల బొమ్మలు పెట్టరు, పైగా ఆ రోజుల్లో మోట కొట్టేవాడికి ఫోటో తీసేదెవరు. ఈ లోకంలో ఆయనకు మిగిలింది ఈ రెండు చేతులు, భుజాలు, కూర్చున్న తీరు.

అప్పుడు ఆమె చెప్పిన మాట నాకు ఇప్పటికీ పొల్లుపోకుండా గుర్తుంది. "ఆయన సూరత్ యాదికొస్తలే బేటీ. మొఖం. మాట యాదికున్నది, నడక యాదికున్నది, మొఖమే వోయింది. ఎప్పుడు వోయిందో గూడ తెల్వదు. ఒకపారి నమాజ్‌ల కూసోని యాది జేసుకుంటె లేదు. ఇగ నాకు దినాలు దగ్గరవడ్డయి. ఆడ అల్లా దగ్గర అన్ని లక్షల మందిల ఆయన్ని ఎట్ల గుర్తువట్టాలె? ఈ చేతులు జూసి గుర్తువడ్త అనుకుంటున్న. అందుకే దినాం వచ్చి యాదివెట్టుకుంటున్న."

ఆ చేతులనే సాఫ్ చేయడానికి నేను ఒప్పుకుని ఉన్నాను.

చిన్నదొర దగ్గరికి పోయి సంగతంతా చెప్పాను. ఆయన చెడ్డవాడేం కాదు, ఓపికగా విన్నాడు. తర్వాత, "పాపం ముసల్ది, నాకెర్కనే. గని మేడం, మా తాత బొమ్మల మోటగొట్టెటోని చేతులున్నయని మీరే చెప్తుంటిరి. ఇప్పుడు ఎట్ల ఉంచాలె?" అన్నాడు. నిజమే, నా నోటితో నేనే చెప్పి పని చెడగొట్టుకున్నాను. మొదటి పెళ్లి ముహూర్తం దగ్గర పడింది, ఆలోగా చేతులు మారాలి. నేను చేయకపోతే ఇంకొకరితో చేయిస్తానన్నాడు. ఇంకొకరంటే ఎవడో వచ్చి చేతుల మీద ఎనామిల్ పూసి పోతాడు. నేనైతే కనీసం కింద ఉన్నది పాడుకాకుండా పైపైన వేస్తాను అనుకున్నాను.

ముందుగా ఉంగరంతో మొదలుపెట్టాను. బంగారు రంగు కలిపి వంకర చిటికెన వేలి పక్క వేలికి వేశాను. అదే రంగు, అదే కుంచెతో తెర అంచు జరీ కూడా దిద్దాను. ఎండాకాలం, పైగా జల్దీ ఆరే మందు కూడా కలిపాను. ఒకట్రెండు రోజుల్లో జరీ ఎండిపోయింది. ఉంగరం ఎండలేదు.

మొదట పట్టించుకోలేదు. కింద ఏదో జిడ్డు ఉందనుకున్నాను. తుడిచేసి, టర్పెంటైన్‌తో ఆ చోటంతా శుభ్రం చేసి, మళ్లీ వేశాను. మళ్లీ అంతే. వారం పోయినా నిన్న సాయంత్రం వేసినట్టు మెరుస్తూ తడిగా ఉంది. రంగు డబ్బా మార్చాను, వేరే కంపెనీది తెచ్చాను. కుర్చీ కాలి మీద ఒక చుక్క, బల్ల మీద ఒక చుక్క, రెండు చేతుల మీద చెరో చుక్క పెట్టి చూశాను. కుర్చీ, బల్ల ఎండాయి. చేతులు ఎండలేదు. మైనం పూశారేమో, పాత వార్నిష్ ఏదైనా రంగుతో పడటం లేదేమో అని నాకు చదువు చెప్పిన సార్‌కు ఫోన్ చేసి అడిగాను. అట్లా అయితే అంతా అట్లాగే ఉండాలి కదమ్మా, చేతుల దగ్గరే ఎందుకుంటుంది అన్నారాయన.

చిన్నదొర వచ్చి ఉంగరం మీద వేలు పెట్టి చూశాడు. వేలికి బంగారు రంగు అంటింది, కింద చెయ్యి ఎప్పటిలాగే ఉంది. "డూప్లికేట్ రంగులు దెచ్చినట్టున్నరు," అని కర్చీఫ్‌కు తుడుచుకుని పోయాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఎండినా ఎండకపోయినా ఎప్పటికైనా ఆ చేతులు పోయేవే. అందుకని బీబమ్మకు వాటిని వేరే కాగితం మీద వేసిద్దామనుకున్నాను. చేతులు మార్చాల్సిన సంగతి చెప్పి, బొమ్మలు పెట్టుకోము కదా అంటుందేమోనని ముందే అడిగాను. "చేతులే గదా. పెట్టెల వెట్టుకుంట," అంది.

మర్నాడు పెద్ద కాగితం, బొగ్గు కడ్డీలు తీసుకుని పోయాను. కరెంటు లేదు. యాదయ్య తువ్వాలు కప్పి పోయాడు. బీబమ్మ స్తంభానికి ఆనుకుని కూర్చుని తస్బీ తిప్పుకుంటోంది. నేను కుడి చెయ్యితో మొదలుపెట్టాను. చీలిన గోరు, వంకర వేలు, ఉబ్బిన కణుపులు. బొమ్మలోని కొలతకే వేస్తున్నాను, ఆమె చెయ్యి పెట్టి చూసుకుంటే సరిపోవాలని. చేతులయ్యాక మణికట్లు, ముంజేతులు. జరీ ఎందుకులే అని చొక్కా చేతులు మామూలుగా వేశాను. భుజాలు కూడా వేశాను. ఆమె మధ్యమధ్య ఏదో చెబుతోంది. పండక్కి కొన్న గాజుల సంగతి, పెళ్లయిన కొత్తలో ఆయనకు ఆమె చేసిన పులుసు నచ్చకపోయినా మెచ్చుకుంటూ తిన్న సంగతి. ముఖం గురించి ఒక్క మాటా లేదు, ఆమెకు తెలిస్తే కదా.

మెడ దగ్గర ఆపాలి. ఆపుదామనే అనుకున్నాను.

నిద్రపోలేదని ఒట్టేసి చెబుతాను. పావురాలు వినిపిస్తున్నాయి, తస్బీ పూసల చప్పుడు వినిపిస్తోంది, నేల మీది ఎరుపు నా కాలి దాకా వచ్చింది, అదీ చూశాను. కానీ కళ్లు బరువెక్కి, ఒళ్లంతా హాయిగా, చల్లటి నీళ్లలో మెడ దాకా మునిగినట్టుంది. చెయ్యి మాత్రం కదులుతోంది. ఎదురుగా ఎవరో కూర్చున్నారు, నేను వాళ్లను చూసి వేస్తున్నాను, అంతే నాకు తెలిసింది. ఎక్కువసేపు కూర్చున్న మనిషికి ఒక భుజం తెలియకుండానే కిందికి జారుతుంది. ఆ భుజం జారడం నేను చూశాను. చూసి, బొమ్మకు కూర్చున్న వాళ్లందరికీ చెప్పినట్టే అలవాటు కొద్దీ, "జెర సీదా కూసోండ్రి," అన్నాను. భుజం మళ్లీ నిలబడింది.

"ఎవరితోటి మాట్లాడుతున్నవ్ బిడ్డా?" అంది బీబమ్మ.

ఆ మాటతో తెలివి వచ్చింది. ఎదురుగా పాత బొమ్మ, దాని మీద తువ్వాలు, అంతే. కాగితం వైపు చూస్తే మెడ మీద ముఖం ఉంది.

నా గీతే, అందులో సందేహం లేదు. నీడలు వేలితో రుద్దడం నా అలవాటు, అట్లాగే రుద్ది ఉన్నాయి. నా వేళ్లన్నీ నల్లగా ఉన్నాయి. కానీ అది వేసినట్టు నాకు గుర్తులేదు, అట్లాంటి మనిషిని నేను ఎక్కడా చూడలేదు.

బీబమ్మ మోకాళ్ల మీద పాకుతూ దగ్గరకొచ్చింది. చూసింది. గబుక్కున కొంగు నుదుటి మీదికి లాక్కుంది, కొత్తకోడలిలా.

అప్పుడే యాదయ్య చాయ్ పట్టుకొచ్చాడు. నా భుజం మీదుగా కాగితం చూసి, "ఖాసిం మామ," అన్నాడు. నన్ను అడిగినట్టు కాదు, దారిలో ఎదురైన మనిషిని పలకరించినట్టు అన్నాడు. తర్వాత చాయ్ గ్లాసులు కింద పెట్టి బీబమ్మ పక్కన కూర్చున్నాడు. చిన్నప్పుడు మోట దగ్గర ఆయన చుట్టూ తిరిగినవాడు మరి.

బీబమ్మ నాతో కాదు, కాగితంతోనే మాట్లాడింది. "గింత చిన్నోనివా నువ్వు?" అంది. "నేను ముసల్దాన్నయితిని. నువ్వు గట్లనే ఉన్నవ్. నేను నిన్ను గుర్తువడ్త, ఇగ ఫికర్ లేదు. నువ్వు నన్ను గుర్తువడ్తవా?"

ఆయన గుర్తుపట్టడేమో అన్న సంగతి ఆమెకు అన్నేళ్లలో తోచలేదు. అప్పుడే తోచింది, నా కళ్ల ముందే తోచింది. నేను ఏడ్చేశాను. ఆమె ఏడవలేదు. కొంగు సర్దుకుని, "ఏం గాదు. నేనే పిలుస్త," అంది.

సాయంత్రం అసర్ నమాజ్‌కు అజాన్ వినిపించేదాకా అట్లాగే చూస్తూ కూర్చుంది. అజాన్ అయ్యాక నా వైపు తిరిగి, "చాలు బిడ్డా. మొఖం తుడిచెయ్. చేతులుంచు," అంది.

ఫోన్‌లో ఫోటో తీసుకోవాల్సింది కదా అని ఇది విన్నవాళ్లందరూ అంటారు. నేను అడిగాను. వద్దంది. "నాకు యాదికొచ్చింది. ఇగ బొమ్మెందుకు?" అంది. అది ఆమె మొగుడి ముఖం, నాది కాదు. బొగ్గు గీతలు చెరపడానికి నా దగ్గర ఎప్పుడూ రొట్టె ముక్క ఉంటుంది. దాంతో అద్ది అద్ది ముఖం తీసేశాను. మెడ కింది భాగమే మిగిలిన కాగితాన్ని చుట్టచుట్టి ఆమె చేతికిచ్చాను. పోయేముందు ఆమె పాత బొమ్మ వైపు తిరిగి కూడా చూడలేదు. "ఇగ వాటిని ఏమన్న జేసుకో," అంది.

మర్నాడు పొద్దున పోయి చూస్తే ఉంగరం ఎండి ఉంది. చేతుల మీద పెట్టిన చుక్కలూ ఎండి ఉన్నాయి. గోరుతో గీకినా రాలేదు. ఆ తర్వాత చేతుల పని రెండు పూటల్లో అయిపోయింది. ఎక్కడా ఇబ్బంది లేదు, పెట్టిన రంగు పెట్టినట్టు ఎండింది. ఇప్పుడు ఆ హాల్లో దొర నున్నటి చేతులతో, రెండు ఉంగరాలతో కూర్చుని ఉన్నాడు. పెళ్లికొచ్చినవాళ్లు ఆయన కింద నిలబడి ఫోటోలు దిగుతారు.

బీబమ్మ ఆ వానాకాలంలో పోయింది. మంచం పట్టలేదు, ఎవరితోనూ చేయించుకోలేదు. చివరి రోజుల్లో ఎంతో సంబరంగా ఉండేదని ఆమె కూతురు తర్వాత నాకు చెప్పింది.

రంగు ఎండకపోవడానికి ఎవరైనా కారణం చెప్పగలరేమో, నేను వింటాను. ముసలామె మాటలు వింటూ వింటూ నా మనసే ఒక ముఖం కల్పించుకుందని మా ఆయన అంటాడు. అయితే యాదయ్య పేరు పెట్టి ఎందుకు పిలిచాడు?

ఇంకొకటి ఉంది, ఇదే నన్ను ఎక్కువగా తినేస్తుంది. నా బతుకంతా ముఖాలే. బస్సులో ఎదురు సీటులో కూర్చున్న మనిషిని నెల తర్వాత వేయమన్నా వేస్తాను. బీబమ్మకు కాగితం ఇచ్చిన ఆ సాయంత్రం ఇంటికొచ్చి, చెరిపిన ముఖాన్ని నా కోసం ఒకసారి వేసుకుందామని కూర్చున్నాను. రాలేదు. ముక్కు ఎట్లా ఉంది, మీసం ఉందా లేదా, కళ్లు పెద్దవా చిన్నవా, ఏదీ రాలేదు. పోయి యాదయ్యను అడిగాను. ఆయన తల గోక్కుని, "జూసిన మేడం, ఖాసిం మామనే. గని ఎట్లుండెనో జెప్పమంటె వస్తలేదు," అన్నాడు.

ఇన్నేళ్లయినా అప్పుడప్పుడు తెల్ల కాగితం పెట్టుకుని ప్రయత్నిస్తాను. చేతులు వస్తాయి, భుజాలు వస్తాయి, మెడ దాకా వచ్చి ఆగిపోతుంది. ఎందుకో నాకు తెలియదు, తెలిసినట్టు చెప్పను కూడా. ఉన్న ఒక్క ముఖాన్ని బీబమ్మ వెంట తీసుకుపోయింది. ఆమెకు అవసరం, తీసుకుపోనీ అనే అనుకుంటాను. అయినా ఆ ఖాళీ చోటు చూస్తే ప్రతిసారీ నాకు ఏడుపొస్తుంది.